ఉమ్ బదర్ ఇంటి ధూపం

కువైట్ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ అందరూ ఒక్కటే అడుగుతున్నారు, బంగారం ఎంత తెచ్చావని. మా కాలేజీ స్టాఫ్ రూములో అయితే నా మెడ వంకా చేతుల వంకా చూసి, ఎక్కడో దాచేసిందిలే అన్నట్టు తలలాడించారు. నేను తెచ్చుకున్నది రెండు కిలోల ఖర్జూరం, ఒక జలుబు, ఎండలో ఎన్నిసార్లు ఆరేసినా ధూపం వాసన వదలని ఒక పట్టుచీర. ఆ చీర సంగతి చెప్పాలంటే అక్కడున్న వారం సంగతి చెప్పాలి.

నేను వెళ్లింది మా అక్క కూతురు మేఘన దగ్గరికి. పుట్టిందీ పెరిగిందీ న్యూజెర్సీలో. యూరప్‌లో బతకాలని దాని కోరిక. యూరప్‌లో ఉద్యోగం దొరకలేదు. యూరప్‌కి విమానంలో దగ్గరగా ఉండి, జీతం బాగా ఇచ్చే ఊరేదని వెతికితే కువైట్ తగిలిందట. అక్కడ ఒక అమెరికన్ సిలబస్ స్కూల్లో ఇంగ్లీషు చెబుతోంది. నాలుగు రోజులు సెలవొస్తే చాలు, యూరప్‌లో తేలుతుంది. దాని ఫ్రిజ్ తలుపు మీద లిస్బన్, ప్రాగ్, ఏథెన్స్ అన్నీ అయస్కాంతాలై అతుక్కుని ఉన్నాయి. కువైట్ అయస్కాంతం ఒక్కటీ లేదు.

"కువైట్‌లో చూడ్డానికేం లేదు పిన్నీ," అంది నన్ను ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొస్తూ. వచ్చి ఏడాదిన్నర అయింది కదా, కువైట్ వాళ్ల ఇళ్లు ఎలా ఉంటాయే అని అడిగాను. ఇంకా ఎవరింటికీ వెళ్లలేదట.

బ్రంచి

దిగిన మర్నాడు శుక్రవారం. అక్కడ వారాంతం శుక్ర, శనివారాలు. మేఘన నన్ను ఒక హోటల్లో బ్రంచికి తీసుకెళ్లింది. పొద్దుటి టిఫినూ మధ్యాహ్నం భోజనమూ కలిపి తినడాన్ని బ్రంచి అంటారు. మా ఇంట్లో ఆలస్యంగా నిద్ర లేచినవాళ్లు రోజూ చేసేది అదే, కాకపోతే తిట్లు తింటూ చేస్తారు. తలకి పద్దెనిమిది దినార్లు. దాన్ని రూపాయల్లోకి మార్చుకున్నాక ఆమ్లెట్ గొంతు దిగలేదు.

బల్ల చుట్టూ మేఘన స్నేహితులు. అందరూ అమెరికా వాళ్లు, అందరూ టీచర్లు, అందరూ ముప్ఫై లోపు. క్రిస్మస్ సెలవులకి ఎవరు ఏ దేశం పోతున్నారన్నదే కబురంతా. ఒకమ్మాయి నాతో ఎంతో ప్రేమగా, ఇక్కడ స్థానికులతో కలవడం చాలా కష్టమండీ, వాళ్లలో వాళ్లే ఉంటారు అంది. ఆ మాట అన్నప్పుడు మా బల్ల దగ్గర పన్నెండు మందీ న్యూజెర్సీ నుంచి టెక్సాస్ దాకా ఉన్నవాళ్లే.

అమెరికా పాస్‌పోర్టు ఉన్నా మేఘన ముఖం మాత్రం కాకినాడదే. దాని బిల్డింగు కాపలాదారు ఈజిప్టు ఆయన. మొదటి నెలంతా ఏ ఫ్లాట్‌లో పని చేస్తున్నావని అడిగేవాడట. మేఘన ఇంగ్లీషు విన్నాక లిఫ్టు తలుపు పట్టుకోవడం మొదలుపెట్టాడు. నన్ను చూసి మళ్లీ అదే ప్రశ్న వేశాడు. నాకు ఆ యాస లేదు కాబట్టి వారం రోజులూ లిఫ్టు తలుపు నేనే తీసుకున్నాను.

మిర్కాబ్‌లో పార్శిల్

గోదావరి జిల్లాల్లో ఎవరైనా కువైట్ వెళ్తున్నారని తెలిస్తే సూట్‌కేసు వాళ్లది కాకుండా పోతుంది. మా కాలేజీ అటెండర్ దీనమ్మ ఒక పార్శిల్ ఇచ్చింది. ఆమె మేనకోడలు సువార్త కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. ఆ పార్శిల్ అందించడానికి బ్రంచి అయ్యాక మిర్కాబ్ వెళ్లాం. మేఘనకి ఆ పేట ఆఫీసుల పేటగానే తెలుసు. శుక్రవారం సాయంత్రం అక్కడ దిగితే అమలాపురం బస్టాండులో దిగినట్టుంది. ఒక పక్క కడప, రాయచోటి మగవాళ్లు గుంపులుగా నిలబడి ఫోన్లలో ఊళ్లో వాళ్లతో పోట్లాడుతున్నారు. ఇంకో పక్క మన కోనసీమ ఆడవాళ్లు, ప్రార్థన ముగించుకుని వచ్చినవాళ్లు, బైబిలు సంచులతో. మన ఆదివారం అక్కడ శుక్రవారం వస్తుంది.

సువార్తకి నలభై దాటి ఉంటాయి. పార్శిల్‌లో పూతరేకులూ, గోధుమరంగు కలిసిన తెల్ల పట్టుచీరా ఉన్నాయి. చీర మడత విప్పకుండానే చెంపకి ఆనించుకుంది. ఆ చీర ఆమెది కాదు, చెల్లెలు కరుణది. వచ్చే శుక్రవారం కరుణ పెళ్లి. వరుడు రాజోలు అబ్బాయి, అమ్ఘరాలో పాత ఇనుము యార్డులో క్రేను నడుపుతాడు. కాగితాల పెళ్లి అయిపోయింది, ఇక చర్చిలో పెళ్లే మిగిలింది.

టీ తాగుతూ సువార్త తన సంగతి చెప్పింది. తల్లీ తండ్రీ పోయేనాటికి కరుణ స్కూల్లో ఉంది. అప్పుడు సువార్త విమానం ఎక్కింది. చెల్లెల్ని నర్సు చదివించింది, తర్వాత ఇక్కడికే రప్పించింది.

"పాస్టరు గారు ఈ అమ్మాయిని ఎవరిస్తున్నారని అడుగుతారు కదండీ. అప్పుడు లేచి దాని చెయ్యి అందించాల్సింది నేనేనండి. ఇంకెవరున్నారు," అంది.

చిక్కేమిటంటే ఆమెకి పదిహేను రోజులకోసారే శుక్రవారం సెలవు. ఈ వారం వాడేసుకుంది. వచ్చే వారం కోసం ఇంటి యజమానురాలిని, అక్కడ మామా అంటారు, అడిగితే ఇన్షాల్లా అందట.

"ఇన్షాల్లా అంటే యెస్సా, నోనా?" అంది మేఘన.

"రెండూ కాదమ్మా. గురువారానికి యెస్ అవుద్ది. మామా సంగతి నాకు తెలుసు. మీరేం మాట్లాడకండి."

అవునో కాదో తేలకుండా వారం రోజులుండటం అమెరికాలో పెరిగిన పిల్లకి అర్థం కాని విషయం. మన ఇళ్లలో 'చూద్దాంలే' అన్న మాట మీద పెళ్లిళ్లే జరిగిపోతాయని చెప్పాను. వినలేదు. మేఘన క్రిస్మస్‌కి తను వెళ్లబోయే వియన్నా గురించి చెబితే సువార్త తల ఊపింది. మామా వాళ్లతో రెండు వేసవులు అక్కడికి వెళ్లిందట. లండన్ కూడా చూసిందట. ఎలా ఉంటుందండీ వియన్నా అని మేఘన ఎంతో ఆశగా అడిగింది.

"బాగుంటదమ్మా. అన్ని ఊళ్లలోనూ సింకు ఒకటే," అంది సువార్త.

తలంటుకున్నంత హాయి

సువార్త వద్దన్నా ఆదివారం సాయంత్రం చాక్లెట్ల డబ్బా పట్టుకుని జాబ్రియాలో ఆమె మామా ఇంటికి వెళ్లాం. పెద్ద కొడుకు బదర్ కాబట్టి ఆవిణ్ణి అందరూ ఉమ్ బదర్ అంటారు, బదర్ తల్లి అని. మనూళ్లోనూ ఆడవాళ్లని పిల్లల పేర్లతోనే పిలుస్తాం, అందుకని నాకు వెంటనే చుట్టరికం కలిసింది. హాలు చుట్టూ గోడల వెంట సోఫాలు, మధ్యలో క్రికెట్ ఆడుకునేంత చోటు. ఆవిడకి ఇంగ్లీషు బాగా వచ్చు. మేఘనని ఎక్కణ్ణుంచని అడిగింది. న్యూజెర్సీ అంటే, అది సరే, అసలు ఎక్కణ్ణుంచి అంది. నాలుగోసారికి కాకినాడ బయటపడింది.

వచ్చిన పని అయిదు నిమిషాల్లో అయిపోయింది. సువార్తని పంపించాలనే అనుకున్నానని, చెల్లి పెళ్లికి ఆపడానికి నేనేమైనా రాక్షసినా అని ఉమ్ బదర్ నవ్వింది. మేఘన నా వంక గర్వంగా చూసింది. ఇక టీ వచ్చింది, ఖర్జూరం వచ్చింది, పిస్తా వేసిన మిఠాయి వచ్చింది, యాలకుల కాఫీ వచ్చింది. చివర్లో సువార్త ఒక చెక్క ధూపపాత్ర పట్టుకుని వచ్చింది. నిప్పుల మీద ఊదు చెక్క ముక్కలు పొగలు కక్కుతున్నాయి. ఆ పరిమళం గురించి ఎంత చెప్పినా తక్కువే.

మన ఇళ్లలో సాంబ్రాణి వేయడమంటే ఏమిటి? తలంటుకున్న పిల్లని కూర్చోబెట్టి జుట్టుకి పొగ పట్టించడం. కూర్చో, కదలకు అని. నేను జడ విప్పేశాను. ధూపపాత్ర మీదకి తల వంచి, ఈ పక్కా ఆ పక్కా జుట్టు ఆరబెట్టుకుని, కాళ్లు పైకి ముడుచుకుని సోఫాలో వెనక్కి వాలాను. ఇంత మర్యాద చేస్తున్నారు, వెంటనే లేచిపోతే ఏం బాగుంటుందని కాకినాడ కబుర్లు మొదలుపెట్టాను. తుఫాన్లు చెప్పాను, కాజాలు చెప్పాను, మా ప్రిన్సిపాల్ గురించి కూడా చెప్పాను. సువార్త తలుపు పక్క నుంచి చెయ్యి ఊపుతుంటే నేనూ ఊపాను. ఉమ్ బదర్ మళ్లీ టీ చెప్పింది. ఇంకా లేవలేదు. చివరికి ఆవిడ నిట్టూర్చి, శుక్రవారం మధ్యాహ్నం మీరిద్దరూ మా ఇంట్లో భోజనానికి రావాలి అంది. మేం నోరు తెరిచేలోపే అక్కచెల్లెళ్లందరికీ ఫోన్లు వెళ్లిపోయాయి, అమెరికా టీచరమ్మ వస్తోంది మీరూ రండని.

సువార్త పెళ్లి సంగతేమిటని మేఘన నసిగింది. వంట చేసి, వడ్డించి, చుట్టాలు వెళ్లగానే వెళ్తుంది, పెళ్లి సాయంత్రమే కదా అంది ఉమ్ బదర్. శనివారానికి మార్చమని బతిమాలాం. శుక్రవారం ఇంటిల్లిపాదీ కలిసి తినే రోజట, మారదట. కప్పులు తీస్తున్న సువార్త మా వైపు చూడలేదు.

రమణ చెప్పిన సంగతి

మమ్మల్ని దింపడానికి ఆ ఇంటి డ్రైవర్ రమణ వచ్చాడు. రాయచోటి మనిషి. కారు వీధి మలుపు తిరిగిందో లేదో నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏమక్కా, దూపం తెచ్చినాంక గూడా కూచున్న్యారంటనే," అన్నాడు.

అందులో తప్పేముందన్నాను.

"ఈడ దూపం తెచ్చినారంటే, ఇంగ మంచిది, పోయిరాండి అని. అది పట్టుకోని లేసిపోవల్ల. కూచున్నోళ్లను లెయ్యమని చెప్పలేరు గదా పాపం. ఏం జేస్తాది మామా, బువ్వకు పిల్చింటాది."

నా విప్పిన జుట్టులోంచి ఊదు వాసన గుప్పుమంటోంది. వచ్చే శుక్రవారం ఒక పెళ్లికూతురి చెయ్యి అందించే మనిషిని వంటింట్లో కూర్చోబెట్టింది నేనేనని అప్పటికి తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఎడారిలో సానుభూతి

బుధవారం సాయంత్రం మేఘన స్నేహితులు ఎడారిలో గుడారం వేశారు. చలికాలంలో కువైట్‌లో అదొక సరదా. గుడారమంటే తివాచీలు, జనరేటరు, టీవీ, వేడినీళ్లు. మా ఇంట్లో వేడినీళ్లు ఇంకా స్టవ్ మీదే. గుడారం వేసిందీ, మాంసం కాల్చిందీ ఇద్దరు బంగ్లాదేశ్ మనుషులు. వాళ్లు కాల్చిన మాంసం తింటూ పిల్లలందరూ సువార్త కష్టానికి కరిగిపోయారు. ఒకబ్బాయి పత్రికలకి రాద్దామన్నాడు. ఒకమ్మాయి సంతకాలు సేకరిద్దామంది. చుట్టాల్ని సోఫాల్లోంచి ఎలా లేపాలో ఎవరైనా చెప్పండర్రా అంటే ఎవరూ చెప్పలేకపోయారు. కాల్చిన మాంసం మాత్రం అద్భుతంగా ఉంది.

మచ్బూస్

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక వెళ్లాం. ఉమ్ బదర్ అక్కచెల్లెళ్లు, కోడళ్లు, వాళ్ల కూతుళ్లు, హాలంతా నిండిపోయింది. ఇంత పెద్ద పళ్లెంలో మచ్బూస్, అంటే మసాలా అన్నం మీద మేక మాంసం. మన బిర్యానీకి దూరపు చుట్టం, కారం తెలియని చుట్టం. ఎండు నిమ్మకాయ వేస్తారు, ఆ పులుపు నాకు తెగ నచ్చింది. అది సువార్త చేతి వంట. పొద్దున్న చీకటితో లేచి చేసి ఉంటుంది. ఆవిడ వడ్డిస్తుంటే మేఘన తినలేకపోయింది.

సువార్త వంగి దాని పళ్లెంలో ఇంకొంచెం వేసి నెమ్మదిగా, "తినెయ్యమ్మా. మీరు తొరగా తింటే నేను తొరగా ఎల్తాను," అంది.

మేఘన ఆ తర్వాత తిన్న వేగం చూసి ఉమ్ బదర్ ఎంతో సంతోషించింది. అమెరికాలో తిండి ఉండదు పాపం అంది.

పెళ్లి నాలుగున్నరకి. అక్కడి చర్చిలో ఒక్కో భాషకీ ఒక్కో వేళ ఉంటుంది. తెలుగువాళ్ల వేళ అయిపోగానే తమిళులు వచ్చేస్తారు. పాస్టరుగారు ఎంత మంచివారైనా వాళ్లని బయట నిలబెట్టి పెళ్లి సాగదీయలేరు. భోజనాలు మూడింటికి అయ్యాయి. పళ్లు వచ్చాయి. టీ వచ్చింది. ఎవరూ కదల్లేదు. ఉమ్ బదర్ చెల్లెలు ఒకావిడ తన కూతురి పెళ్లి వీడియో టీవీలో పెట్టింది. మేఘన తలనొప్పి అంది. దాన్ని సోఫాలో పడుకోబెట్టి, దిండు పెట్టి, మాత్ర ఇచ్చి, ఇద్దరు కోడళ్లు నుదురు నొక్కడం మొదలుపెట్టారు. పిల్లకి తగ్గేదాకా ఎవరమూ వెళ్లమన్నారు. అమెరికా సాయం అలా ముగిసింది.

నేను చెయ్యి కడుక్కునే వంకతో వంటింట్లోకి వెళ్లాను. కిటికీ పక్కన కొక్కేనికి సువార్త పెళ్లికి కట్టుకోబోయే నీలం చీర వేలాడుతోంది. ఆవిడ స్టవ్ దగ్గర నిలబడి ఉంది. ధూపపాత్రలో బొగ్గు ఎర్రగా రాజుకుని ఉంది.

"మామా ధూపం తెమ్మందా?" అన్నాను.

"అనలేదండి." బొగ్గు వంకే చూస్తూ, ఊదు ముక్క ఒకటి పైన పెట్టింది. "చెప్పకుండా నేను తీసుకెల్తే చుట్టాల్ని గెంటేసినట్టేనండి. రేపు నన్ను టిక్కెట్టు కొని ఇంటికి పంపించేస్తారు." ధూపపాత్ర నా వైపు జరిపింది. "మీరైతే ఏం అనుకోరండి. మీకు తెలీదు కదా."

నా ఉద్యోగ జీవితంలో నాకు తెలీకపోవడం ఎవరికైనా పనికొచ్చింది అదే మొదటిసారి. ధూపపాత్ర రెండు చేతులా పట్టుకుని హాల్లోకి నడిచాను. పొగ నా పట్టుచీర కొంగులోకి పోతోంది.

అందరి తలలూ నా వైపు తిరిగాయి. అతిథి ధూపం తేవడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఉండరు. నేను మాత్రం కాకినాడలో పేరంటానికి వచ్చిన ముత్తైదువలా నవ్వుతూ, అందరికంటే పెద్ద అక్కగారి ముందుకి వెళ్లి నిలబడ్డాను. ఆవిడ నా వంక చూసింది, ఉమ్ బదర్ వంక చూసింది. ఎన్నేళ్ల అలవాటో, చెయ్యి తనంతట తానే పైకి లేచి తలమీది ముసుగు పొగకేసి ఎత్తింది. ముసుగు దించుకున్నాక ఆవిడ లేచి నిలబడింది. ఆవిడ లేచాక మిగతావాళ్లు కూర్చోగలరా? ఒక్కొక్కళ్లే పొగ పట్టించుకున్నారు, ఒక్కొక్కళ్లే చెప్పులు వెతుక్కున్నారు. మేఘన తలనొప్పి అద్భుతంగా తగ్గిపోయింది.

చివరికి ఉమ్ బదర్ ముందుకి వచ్చాను. ఆవిడ నా కళ్లలోకి చాలాసేపు చూసింది. ప్రిన్సిపాల్ రిజల్ట్స్ అడిగినప్పుడు పెట్టే ముఖం పెట్టి నిలబడ్డాను.

"మీ పిన్ని తొందరగా నేర్చుకుంటుంది," అంది ఆవిడ మేఘనతో.

అప్పటికే నీలం చీర కట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిన సువార్తని దగ్గరికి పిలిచింది. సువార్త ముఖం పాలిపోయింది. ఉమ్ బదర్ తన సంచిలోంచి చిన్న సీసా తీసి, సువార్త మణికట్టు పట్టుకుని అత్తరు రాసింది.

"యల్లా, వెళ్లు. గిన్నెలు నేను ముట్టుకోను. వచ్చేసరికి అలాగే ఉంటాయి," అంది.

నాలుగున్నర దాటాక

రమణ కారు తోలిన తీరు రాయడం మంచిది కాదు. దారంతా సువార్త మణికట్టుని కొంగుతో కప్పుకుని కూర్చుంది. చర్చి గేటు దగ్గర తమిళులు పిల్లాపాపలతో వచ్చేసి ఉన్నారు. లోపల పాస్టరుగారు మా కోసమే పాట మీద పాట పాడిస్తున్నారు, పాడేవాళ్ల గొంతులు తేలిపోతున్నాయి. దీనమ్మ పంపిన తెల్లచీరలో కరుణ తలుపు వైపే చూస్తూ నిలబడి ఉంది. క్రేను నడిపే పెళ్లికొడుకు కోటు గుండీలు విప్పుకుంటూ పెట్టుకుంటూ ఉన్నాడు.

సువార్త నడవ మధ్యనుంచి దాదాపు పరిగెత్తింది. పాస్టరుగారు ఊపిరి పీల్చుకుని, ఈ అమ్మాయిని ఎవరిస్తున్నారని అడిగారు.

"నేనండి," అంది సువార్త. ఆ ఒక్క మాటకి నాకు ఏడుపొచ్చేసింది. పక్కన మేఘన వెక్కుతోంది.

కరుణ అక్క చేతిలో చెయ్యి పెట్టింది. "అక్కా, ఏంటే ఈ వాసన?" అని గొణిగింది. ముందు వరుసలో ఉన్నాం కాబట్టి మాకు వినబడింది.

"ఇంటినిండా చుట్టాలే. అందర్నీ లేపేసొచ్చేను," అంది సువార్త.

చెల్లెలి చేతిని పెళ్లికొడుకు చేతిలో పెట్టింది గానీ, తన చెయ్యి మాత్రం తీయలేదు. మూడు చేతులూ అలాగే ఉన్నాయి. పాస్టరుగారు దగ్గారు. ఇక వదలమ్మా, బయట తమిళులు ఎదురుచూస్తున్నారన్నారు. సువార్తకి వినపడలేదో, వినపడనట్టు ఉందో గానీ, ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆవిణ్ణి కదిలించడానికి అక్కడ ధూపం వేసేవాళ్లెవరూ లేరు.